మా మేనత్త బోర్లించే కంచం

జహీరాబాద్ పురజనులకు, ముఖ్యంగా నాలుగు కాళ్ల మీద తిరిగే పురజనులకు, చింతిస్తూ తెలియజేయునదేమనగా: మా మేనత్త పోయింది. పోయిన నెలలో ఒక సోమవారం పొద్దున లింగపూజ ముగించుకుని, గోడకు వీపు ఆనించి, కూర్చున్నది కూర్చున్నట్టే పోయింది. మా లింగాయతుల్లో పోయినవారిని కూర్చోబెట్టే మట్టి చేస్తారు. "మా అక్క పోతపోత గూడ ఎవ్వలికి పని పెట్టలే" అన్నాడు మా నాయిన. అది జోకో ఏడుపో తేల్చుకోవడానికి నాకు కొంతసేపు పట్టింది. మా ఇంట్లో జోకుల శాఖ నాది. ఆయన అందులో అడుగు పెట్టడం అదే మొదటిసారి.

ఆమె పేరున సత్రం లేదు, బావి లేదు, కనీసం ఒక అరుగు కూడా లేదు. చిన్నతనంలోనే భర్త పోతే పుట్టిన ఊరికి తిరిగివచ్చి, మా ఇంటి వెనక గల్లీలో రెండు గదుల ఇంట్లో ఒక్కతే ఉన్నది. తన పొయ్యి తనది. మా నాయిన ఎన్నిసార్లు వచ్చి మాతో ఉండమన్నా, "నీ ఇంట్ల నా గిన్నెలకు ఊపిరాడది తమ్మీ" అనేది. ఆమె వెనక మిగిలిందల్లా ఒక కుక్క. ఆమె పోయిన దినాన ఆ కుక్క తిండి మానేసింది.

విశ్వాసం అన్నారు అందరూ. కళ్లు తుడుచుకున్నారు. నేను మాత్రం నమ్మలేదు. ఎందుకంటే ఆ కుక్క నాకు బాగా తెలుసు. ఆకాశం విరిగి పడుతుంటే, పడిన ముక్కను వాసన చూసి తినే కుక్క అది. అలాంటిది గిన్నెలో నెయ్యి పూసిన రొట్టె పెట్టినా ముట్టకపోవడం ఏమిటి? రోజులు గడుస్తున్నాయి, పక్కటెముకలు తేలుతున్నాయి. ఇంకో రెండు మూడు రోజులు ఇట్లాగే ఉంటే అత్త వెనకే వెళ్లిపోయేట్టున్నది. అది ఎందుకు తినలేదో చెప్పాలంటే, అది ఒకప్పుడు ఏమేం తినేదో ముందు చెప్పాలి. భోజనం చేస్తూ చదువుతున్నవారు దయచేసి చేయి కడుక్కుని రండి.

కుక్క పేరు కొత్వాల్. నిజాం కాలపు పోలీసు పెద్దలు, ఆ కొత్వాళ్లు, పోయిన చాలా ఏళ్లకు, ఒక చెరుకు బండి కింది నీడలో నడుచుకుంటూ, బొంబాయి సడక్ మీదినుంచి మా గల్లీలోకి వచ్చాడు. బండి పోయింది, నీడా పోయింది, వీడు మిగిలాడు. వచ్చీ రాగానే ప్రతి ఇంటి ముందూ ఆగి, తనిఖీ చేసి, నచ్చింది నోట కరుచుకుపోయాడు కాబట్టి అత్త ఆ పేరు పెట్టింది. కుక్క కదా అని 'అది' అంటే ఆమె ఊరుకునేది కాదు. అందుకని ఇక్కడ నుంచి నేనూ 'వాడు' అనే అంటాను.

కొత్వాల్ చెప్పుల పట్టీలు తినేవాడు. సబ్బు తినేవాడు. బెల్లం అంటిన గోనెసంచి తినేవాడు. అత్త ఇంటి గోడకు అవతల మాంసం దుకాణం వాళ్ల ఇల్లు ఉన్నది. వాళ్ల దుకాణం ముందు మోరీలో దొరికిన ప్రతిదీ తినేవాడు. పొద్దున్నే కంచె చాటున పిల్లలు కూర్చుని లేచిన చోటుకు ఎందుకు వెళ్లేవాడో రాయను, మీరే గ్రహించాలి. ఇవన్నీ ముగించుకుని ఇంటికి వచ్చి, తడి మూతితో అత్త అరచేతిని ప్రేమగా నాకేవాడు. ఉల్లిపాయ తినాలన్నా వారం చూసుకునే మనిషి ఆమె. గమ్మున లేచి వెళ్లి స్నానం చేసేది. ఎండాకాలమైతే, "పోనీ తియ్యి, ఒళ్లు సల్లగయింది" అనేది.

ఇలా కొత్వాల్ తిండి, అత్త స్నానాలు సాఫీగా సాగుతుండగా ఒక ఎండాకాలం వచ్చింది. నేను హైదరాబాద్‌లో పి.యు.సి. చదువుతూ సెలవులకు వచ్చాను. స్టేషన్ వైపు ఒక పిచ్చికుక్క కనిపించిన వాళ్లనందరినీ కరిచింది. కరిపించుకున్న వాళ్లలో ఒక చిన్న పిల్ల దక్కలేదు. అప్పుడు బజారు పెద్దలు కొందరు కూడబలుక్కుని వీధుల్లో మందు పెట్టిస్తామన్నారు. డప్పు మా గల్లీలోకి కూడా వచ్చింది.

"ఇనుండ్రి! సంత ముందు దినం నుంచి గల్లీలల్ల కుక్కలకు మందు పెడుతున్నరు. మాంసం ముక్కల్ల పెడుతున్నరు. ఇంటి కుక్కలున్నోళ్లు ఇంట్ల కట్టేసుకోండ్రి. తర్వాత మా దిక్కు సూడొద్దు!"

డప్పు మోత మలుపు తిరిగిపోయాక కూడా అత్త గుమ్మంలోనే నిలబడి ఉంది. ఆమె కాళ్ల దగ్గర కొత్వాల్ ఎక్కడిదో చింపిరి గుడ్డపేలిక నములుతున్నాడు.

"వీన్ని కట్టెయ్యి అత్తా," అన్నాను.

"ఎన్నొద్దులు కట్టెయ్యాలె? ఆళ్లు ఒక్కపారి పెట్టి ఊకుంటరా? కుక్కలు ఒడిసేదాక పెడ్తరట. అయినా వీన్ని దేనితోని కడ్తం? తాడు గూడ తింటడు గద."

"మరేం జేద్దాం?"

"తినుడు మాన్పియ్యాలె."

"తినుడు మాన్పిస్తే మందు లేకుండనే పోతడు."

"కింద పడ్డది తినుడు మాన్పియ్యాలె అంటున్న. జోకులకు ఇది టైమ్ గాదు అల్లుడా. నీ సదువుల కుక్కల సంగతి ఏం రాలేదా?"

పుస్తకాల్లో రాలేదు. కానీ మా హాస్టల్ వార్డెన్‌కు ఒక పెద్ద కుక్క ఉండేది. ఆయన మాట చెప్పనిదే ఎదుట బిర్యానీ ఉన్నా ముట్టేది కాదు. ఆ మాట చెప్పాను.

"ఏం మాట జెప్తడు?"

"ఇంగ్లీషుల జెప్తడు."

"మనోనికి ఇంగ్లీషు రాదు. ఉర్దూ జర వస్తదేమో," అన్నది అత్త. ముఖంలో నవ్వు లేదు. నా జోకులకు ఆమె ఎన్నడూ నా ఎదుట నవ్వలేదు. వంటింట్లోకి వెళ్లి నవ్వేది. గిన్నెలు కదిలిన చప్పుడు వినిపిస్తే జోకు పేలిందని లెక్క. ఆ రోజు ఆమె నోటి నుంచి వచ్చిన మాటకు నేను నవ్వబోయాను. ఆమె కళ్లు చూసి మానుకున్నాను.

మొదటి పాఠం నాది. రొట్టెముక్కలో కారం కూరి నేల మీద వేశాను. కొత్వాల్ తిన్నాడు, దగ్గాడు, తొట్టిలో నీళ్లు తాగాడు, ఇంకో ముక్క కోసం వచ్చి నిలబడ్డాడు. మా జహీరాబాద్ వాళ్ల పచ్చిమిరపకాయల తొక్కుతో పెరిగిన ప్రాణికి కారం ఒక శిక్ష అని నాకు తోచడం నా చదువు చేసిన పొరపాటు. రెండో పాఠం అత్తది. నేల మీద రొట్టె వేసి, వాడు వంగగానే "వద్దు!" అని గదిమేది. నాలుగు రోజులు తిరక్కముందే రొట్టె విషయంలో కొత్వాల్ ఫస్టు క్లాసు. అత్త ముఖంలో కొంచెం కళ వచ్చింది. ఆ సాయంత్రమే వాడు మోరీ దగ్గర నుంచి ఒక మేక కాలిగిట్ట పట్టుకొచ్చి వాకిట్లో కూర్చుని కొరుకుతూ కనిపించాడు.

మందు రొట్టెలో పెట్టరు. మాంసంలో పెడతారు. రొట్టె మీద నేర్చిన చదువు మాంసం దగ్గర పనికిరాదని ఆ రోజు మాకు తెలిసింది.

అత్త ఆ రాత్రి ఏం ఆలోచించిందో నాకు తెలియదు. పొద్దున పూజ కాగానే పీట మీద ఎక్కి గోడ అవతలికి తల పెట్టి పిలిచింది. "ఆపా! ఓ ఆపా!"

అవతల మాంసం దుకాణం ఆయన భార్య. నేను ఖాలా అనేవాణ్ణి, పిన్ని అన్నమాట. అత్త ఆమెను ఆపా అనేది, ఆమె అత్తను అక్కా అనేది. రెండు మాటలకూ అర్థం ఒక్కటే కనుక, ఇద్దరిలో పెద్దది ఎవరో ఇప్పటికీ తేలలేదు.

"ఏంది అక్కా?"

"జర మాంసం ముక్కలు గావాలె."

ఖాలా తల గోడ మీదికి లేచింది.

"యా అల్లా! నీకు దిమాగ్ ఖరాబయిందా? మా సాలన్ వాసనొస్తదని కిటికీ మూసెటిదానివి!"

"నాకు గాదు. కొత్వాల్‌కు."

"మా మోరీ అంత వాడే మేసిండు గద. ఇంకా గావాల్నా?"

"తినబెట్టనీకి గాదు ఆపా, తిననియ్యకుండ సూసుకోనీకి."

ఖాలా కిందికి, కొత్వాల్ వైపు చూసింది. తర్వాత మెల్లగా, "మందు పెడ్తమన్నరు గద. రాండ్రి, మా వాకిట్లకే రాండ్రి" అన్నది.

ఇలా మా వంశంలో మొట్టమొదటిసారిగా ఒక మనిషి మాంసం దుకాణం వాళ్ల వాకిట్లోకి వెళ్లింది. పట్టపగలు, నొసట విభూతితో, మెడలో లింగంతో, ఒక చేత్తో కుక్క తాడు పట్టుకుని. నాయినకు కబురు అందడానికి ఎంతో సేపు పట్టలేదు. చెప్పులు కూడా వేసుకోకుండా వచ్చాడు. ఖాలా గుమ్మం దాటలేక గల్లీలో నిలబడే అరిచాడు.

"అక్కా! మెడల లింగం బెట్టుకొని గీడికొచ్చినవా? రేపు మఠం అయ్యగారు అడిగితే నేనేం జెప్పాలె?"

అత్త వెనక్కి తిరగలేదు. "లింగం నా మెడల ఉన్నది. ముక్క కొత్వాల్ మూతికాడ ఉన్నది. రెండిటి నడుమ నేనున్న. నువ్వు ఫికర్ జెయ్యకు, ఇంటికి పో" అన్నది. నాయిన పోలేదు. అలాగని లోపలికీ రాలేదు. ఆ గల్లీలో అటూ ఇటూ తిరుగుతూ, వచ్చేపోయేవాళ్లకు అడ్డంగా నిలబడ్డాడు, ఎవరికీ లోపల ఏమవుతున్నదో కనబడకుండా.

కానీ పాఠం ఎక్కలేదు. ఖాలా ముక్క వేసేది. అత్త "వద్దు!" అని అరిచేది. ఆ అరుపు వినగానే కొత్వాల్ ముక్కను గబుక్కున మింగేసేవాడు. రొట్టెకైతే ఆగేవాడు, మాంసం ఎవరో లాక్కుంటారని భయం. అరుపు ఎంత పెద్దదైతే మింగుడు అంత వేగం. అత్త గొంతు బొంగురుపోయింది. రోజులు తరుగుతున్నాయి. నేల మీద కూలబడి, "ఇగ వీడు దక్కడు ఆపా" అన్నది. కొత్వాల్ వచ్చి ఆమె చేయి నాకబోయాడు. ఆమె మొదటిసారి చేయి వెనక్కి తీసుకుంది. వాడు అర్థంకాక ఆమె చేయి వైపు, ముఖం వైపు మార్చి మార్చి చూశాడు.

అప్పుడు ఖాలా ఒక మాట అన్నది. "కోప్పడొద్దు అక్కా, ఒక్కటి అడుగుత. పొద్దున కింద పడ్డది తినొద్దంటవు. పగటీలి నువ్వు తినేముందు గడప బయట రొట్టె ఎవరు ఏస్తరు? నా కిటికీల కెల్లి రోజు సూస్త. నువ్వే ఏస్తవు. మట్టిల ఏస్తవు. కొత్వాల్ సాబ్ ఏ అక్క మాట ఇనాలె?"

అత్త నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నిజమే. అన్నానికి కూర్చునే ముందు నోరులేని జీవానికని ఒక ముక్క బయట వేయడం మా ఇళ్లలో ఎంత అలవాటంటే, వేస్తున్నామని మాకే తెలియదు. కొన్నేళ్లుగా రోజూ పగలు ఆమె చేతులారా నేర్పుతున్న పాఠం అది. నేల మీద పడినదంతా నీదే అని.

ఆ రోజుతో అత్త అన్నీ మార్చేసింది. గడప బయట ముక్క వేయడం మానేసింది. పాత రాతిగిన్నె ఒకటి కడిగి వంటింటి గడప పక్కన పెట్టింది. అరుపులు మానేసింది. ఖాలా ముక్క వేస్తే, తాడు కురచగా పట్టుకుని మాట్లాడకుండా నిలబడేది. కొత్వాల్ గుంజుకునేవాడు, మూలిగేవాడు, చివరికి విసిగి ఆమె వైపు చూసేవాడు. వాడు చూసిన ఆ క్షణాన ఆమె వెనుదిరిగి ఇంటికి నడిచేది. వాడు వెంట రావాల్సిందే. వచ్చాక వాడికి వెంటనే పెట్టేది కాదు. ముందు తను కూర్చుని తినేది. తిన్నాక కంచంలో నీళ్లు పోసుకుని, వేలితో అంచులన్నీ తుడిచి, ఆ నీళ్లు తాగేసి, కంచాన్ని రాతి మీద బోర్లించేది. ఖంగుమనేది. అది కంచు కంచం. ఆ తర్వాతే గిన్నెలో రొట్టె, మజ్జిగ, ఒక చుక్క నెయ్యి.

ఈ కంచం నీళ్ల సంగతి తెలియనివారికి చెప్పాలి. తిన్న కంచంలో మెతుకు వృథా పోకూడదని కడిగి తాగడం మాలో పెద్దవాళ్ల ఆచారం. హాస్టల్‌లో చదివిన నాకు అది చూస్తే ఒళ్లు జలదరించేది. "హైదరాబాద్‌ల ఏ నల్లా నీళ్లయినా తాగుతవు, నీ కంచం నీళ్లు నీకు అసయ్యమా?" అనేది అత్త. "కడిగిన నీళ్లు సెట్టుకు పోస్తరత్తా" అనేవాణ్ణి. "రొట్టె సెట్టు తిన్నదా?" అనేది. ఈ ఇంట్లో ఇద్దరికి చెడ్డ తిండి అలవాట్లు ఉన్నాయనీ, కొత్వాల్‌ది మాన్పిస్తే ఇక అత్తది మిగులుతుందనీ నేను ఊరంతా చెప్పుకు తిరిగాను. ఆ మాట ఆమె ఎదుటే అన్నాను కూడా. వంటింట్లో గిన్నెలు చాలాసేపు కదిలాయి.

మందు పెట్టే రోజు వచ్చింది. అత్త కొత్వాల్‌ను వాకిట్లో గుంజకు కట్టింది. చదువు మీద నమ్మకం లేక కాదు. "పరీచ్చ రాయకుండ పాసయితే అంతకన్న ఏం గావాలె" అన్నది. గల్లీలో తలుపులన్నీ మూసి ఉన్నాయి. పిల్లల చప్పుడు లేదు. ఇద్దరు మనుషులు ముక్కుకు గుడ్డ కట్టుకుని, బకెట్ పట్టుకుని, మోరీ వెంబడి ముక్కలు వేసుకుంటూ వెళ్లారు. ఎండ ఎక్కింది. నేను నీళ్లు తాగడానికి లోపలికి వెళ్లి వచ్చేసరికి గుంజకు మూరెడు తాడు వేలాడుతోంది. మిగతాది వాడి మెడకు ఉన్నదో, కడుపులో ఉన్నదో తెలియదు.

"అత్తా!"

జొన్నపిండి అంటిన చేతులతోనే వచ్చింది. గల్లీలోకి పరుగెత్తాం. మలుపు దగ్గర ఖాలా తన గుమ్మంలో నిలబడి, ముందుకు రావద్దని చేయి అడ్డం చాపింది.

దుకాణం ముందు, మోరీ పక్కన కొత్వాల్ నిలబడి ఉన్నాడు. వాడి ముందు ముక్క. వాడికి అవతల, గోడ నీడలో, గల్లీలో తిరిగే ఎర్ర ఆడకుక్క పడి ఉంది. దాని కాళ్లు ఇంకా కొట్టుకుంటున్నాయి. చూస్తుండగానే ఆగిపోయాయి.

నేను అరవబోయాను. వెనక నుంచి ఖాలా అరచేయి నా నోటి మీద పడింది. ఉల్లిగడ్డ వాసన. అప్పుడు గుర్తుకొచ్చింది. అరిస్తే మింగేస్తాడు. పరుగెత్తితే మింగేస్తాడు. ముగ్గురం నిలబడిపోయాం. ఎండలో వాడి మూతి నుంచి జొల్లు దారంలా సాగి ముక్క మీద పడింది. వంగాడు. వాసన చూశాడు. ముక్కు తగిలింది కూడా. ఖాలా చేయి నా నోటి మీద ఇంకా బిగిసింది.

కొత్వాల్ తల ఎత్తి అత్తను చూశాడు.

ఆమె వెనుదిరిగింది. అంతే. వాడికి వీపు చూపించి ఇంటి వైపు నడిచింది. గబగబా కాదు, రోజూ పగలు నడిచినట్టే. ఆమె నా వైపు వస్తున్నది కనుక ముఖం నాకు కనిపించింది, వాడికి కనిపించలేదు. ఆ ముఖంలో నెత్తురు లేదు. పెదవులు కదులుతున్నాయి. శివుణ్ణి తలుచుకుంటున్నదో, కొత్వాల్‌ను తిడుతున్నదో. నన్ను దాటింది. నేను ఆమెను చూడాలా, వాడిని చూడాలా అని తెలియక కళ్లు మూసుకున్నాను. కాసేపు ఏ చప్పుడూ లేదు. తర్వాత బండల మీద గోళ్ల చప్పుడు. టకటకా, టకటకా. కళ్లు తెరిస్తే, తెగిన తాడు ఈడ్చుకుంటూ కొత్వాల్ నన్ను దాటి ఆమె వెంట వెళ్తున్నాడు.

ఇంట్లోకి రాగానే నేను తలుపు గడియ పెట్టాను. అత్త వాడిని ముట్టుకోలేదు, మాట్లాడలేదు. చేతులు కడుక్కుని, పొయ్యి మీద సగం కాలిన రొట్టె కంచంలో వేసుకుని, కూర్చుని తిన్నది. పూర్తిగా తిన్నది. కంచంలో నీళ్లు పోసి వేలితో తిప్పింది. ఎత్తి తాగుతుంటే సగం నీళ్లు చీర మీద పడ్డాయి. మిగిలినవి తాగి, కంచం బోర్లించింది. ఖంగుమన్నది. కొత్వాల్ వచ్చి గిన్నె ముందు కూర్చున్నాడు. వాడికి పెట్టి, ఆమె కొంగులో ముఖం దాచుకుంది. భుజాలు కదులుతున్నాయి. వంటింట్లో నవ్వినట్టే నవ్వుతున్నదనుకున్నాను. కాదు.

సాయంత్రం బండి వచ్చి గల్లీ కుక్కలను ఎత్తుకుపోయింది. అత్త గుమ్మంలో నిలబడి చూసింది. "ఒక్కనికే నేర్పితి. ఆ ఎర్రది గూడ ఎన్నిసార్లు నా దర్వాజకొచ్చింది," అన్నది. కొత్వాల్ బతికిన సంబరం ఆ ఇంట్లో జరగలేదు.

ఆ తర్వాత వాడు తాడు లేకుండా తిరిగాడు. శివరాత్రికి అత్త ఝరాసంగం జాతరకు నడిచి వెళ్తే, అన్ని అంగళ్ల మధ్య నుంచి తల ఎత్తుకుని ఆమె వెనక నడిచాడు. ఎవరు ఏం పారేసినా వంగలేదు. చూసినవాళ్లు ఆశ్చర్యపోతే, "కొత్వాల్ లంచం ముడతడా?" అనేది అత్త. అది ఆమె జోకు. నేను వంటింట్లోకి వెళ్లి నవ్వాల్సి వచ్చింది.

ఇక పోయిన నెలకు వస్తాను. అత్తను మట్టి చేసి వచ్చాక ఆమె ఇంటి నిండా బంధువులు. వంట మా ఇంటి నుంచి వచ్చేది, అందరూ మోదుగ విస్తర్లలో తినేవారు. కొత్వాల్ వంటింటి గడప దగ్గర పడుకున్నాడు. నాయిన రాతిగిన్నెలో రొట్టె పెట్టాడు, నెయ్యి పోశాడు, "కానీ బిడ్డా" అన్నాడు, కాళ్లు పట్టుకోవడం ఒక్కటే తక్కువ. వాడు గిన్నె వైపు చూసేవాడు, వంటింట్లోకి చూసేవాడు, తల దించేసేవాడు. పశువుల దవాఖాన డాక్టరు వచ్చి చూసి జబ్బేమీ లేదన్నాడు. రోజురోజుకూ వాడు లేవడం తగ్గింది. పై వారం గురువారం పొద్దున నేను పిలిస్తే తోక ఒక్కసారి నేలకు కొట్టి ఊరుకున్నాడు.

అప్పుడు మా నాయిన చేసిన పని నేను కలలో కూడా అనుకోలేదు. అత్త ఎక్కిన పీట మీదే ఎక్కి గోడ అవతలికి పిలిచాడు. "ఆపా... మీ ఇంట్ల... ఒక ముక్క ఏమన్న..." ఎవరికని ఖాలా అడగలేదు. ఆకులో చుట్టి తెచ్చి, లింగాయతుల వాకిట్లో, మా నాయిన కళ్లముందే, కొత్వాల్ మూతి దగ్గర పెట్టింది.

వాడు వాసన చూశాడు. ముఖం పక్కకు తిప్పుకున్నాడు.

ఖాలా అక్కడే కూలబడింది. "మేమే గద నేర్పినం," అన్నది ఏడుస్తూ. "ఎంత మంచిగ నేర్పినమో సూడు బేటా."

ఆ పగలు విస్తర్లు అయిపోయాయి. నేను ఆకలితో వంటింట్లోకి వెళ్లి, గూట్లో ఉన్న అత్త కంచం తీశాను. తీస్తుంటే గూటి అంచుకు తగిలింది. గడప దగ్గర కొత్వాల్ చెవి లేచింది. అత్త కూర్చునే చోటే కూర్చుని రొట్టె, పప్పు పెట్టుకున్నాను. వాడు కాళ్లు కూడదీసుకుని లేచి కూర్చున్నాడు. నేను తింటున్నంతసేపూ కళ్లు నా మీద నుంచి తీయలేదు. తినడం అయింది. హాస్టల్ అలవాటు ప్రకారం కంచం కడగడానికి జాలారి దగ్గరికి లేచాను. వెనక పెద్ద నిట్టూర్పు వినిపించింది. చూస్తే వాడు మళ్లీ పడుకున్నాడు.

అక్కడే నిలబడిపోయాను. వాడు అత్త కోసం చూడటం నిజమే. కానీ అంతకంటే ముందు, ఒక చప్పుడు కోసం చూస్తున్నాడు. ఆ చప్పుడు కాకుండా వచ్చిన తిండి, ఎంత నెయ్యి పోసినా, వీధిలో పడిన ముక్కతో సమానం. ముట్టకూడదు. అన్ని దినాలూ మేము విస్తరి తిని విసిరేసి, వాడిని బతిమాలుకున్నాం.

వచ్చి మళ్లీ కూర్చున్నాను. ఇంకో అర రొట్టె తిన్నాను, ఆకలి లేకున్నా. కంచంలో నీళ్లు పోశాను. వేలితో అంచులు తుడిచాను. పసుపుపచ్చటి నీళ్లలో జొన్న నలుసులు తేలాయి. గుమ్మంలో నాయిన, గోడ మీదుగా ఖాలా, గడప దగ్గర కొత్వాల్. డిగ్రీ పట్టా తీసుకున్న రోజున కూడా నన్ను ఇంతమంది ఇంత శ్రద్ధగా చూడలేదు. జోకు ఒకటి నాలుక చివరి దాకా వచ్చింది. దాన్నీ ఆ నీళ్లతోపాటు తాగేశాను. కొంచెం ఉప్పగా, కొంచెం పప్పు రుచిగా ఉన్నాయి. అంత అసహ్యంగా ఏమీ లేవు.

కంచం బోర్లించాను. ఖంగుమన్నది.

కొత్వాల్ లేచాడు. కాళ్లు తడబడ్డాయి. నాయిన పెట్టిన రొట్టె అట్లాగే ఉన్న గిన్నె దగ్గరికి వచ్చి, ఒకసారి వంటింట్లోకి చూసి, మూతి లోపల పెట్టాడు. చాలాసేపు ఆ ఇంట్లో వాడు తింటున్న చప్పుడు తప్ప ఇంకేదీ వినిపించలేదు. గిన్నె నున్నగా నాకి, మెల్లగా నా దగ్గరికి వచ్చి, తడి మూతితో నా అరచేయి నాకాడు. నేను స్నానానికి లేవలేదు. బోర్లించిన కంచం అంచు కింద నుంచి సన్నటి నీటి చారిక ఒకటి రాతి మీద గడప వైపు పాకి, గుమ్మంలోంచి పడుతున్న ఎండలోకి వెళ్లి, అక్కడ కొద్దికొద్దిగా ఆరిపోతూ ఉంది.